దీర్ఘాశ్వయానమున రౌతు, నిర్వాహకుల పరస్పర ధర్మము : ఒక చారిత్రక పరిశీలనము

విషయ ప్రవేశము

“రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడుకాళ్ల మీద నడచును” అని మనవారి సామెత. ఈ మాటలో గుఱ్ఱమునకొక నింద యున్నది. రౌతునకొక నింద యున్నది. కాని ఆ గుఱ్ఱమును, ఆ రౌతును ఆ దారిని పంపిన మూడవవాని ప్రసక్తి యిందు లేదు. దారి యెంత దూరము, నడుమ నీరెక్కడ దొరకును, ఎండ యెంత, గుఱ్ఱము కూలినచో నష్టమెవరిది అను ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసినవాడు ఆ మూడవవాడే. అతడు ఒకప్పుడు రాజు, ఒకప్పుడు వర్తకుడు, ఒకప్పుడు సేనాని. నేటి కాలమున అతడే పోటీ నిర్వాహకుడు.

నేడు పెక్కు దేశములలో ‘ఎండ్యూరెన్సు రైడు’ అను పేర దూరపు గుఱ్ఱపుస్వారీ పోటీలు జరుగుచున్నవి. వానిలో మిక్కిలి కఠినమైనది ఒక్క దినమున 160 కిలోమీటర్లు సాగును. గుఱ్ఱపు పందెములలో వేగమే ప్రధానము. ఇచ్చట గమ్యమును చేరునప్పటికి గుఱ్ఱము ఆరోగ్యముగా నుండుటయు వేగముతో సమానమైన విషయమే. ఈ పోటీలయందు రౌతు నిర్వాహకుని యెడల నెట్లు మెలగవలెను, నిర్వాహకుడు రౌతునకేమి బాకీపడియున్నాడు అను విచారము తరచుగా జరుగుచుండును. ఆ విచారము క్రొత్తది కాదు. మన ఆంధ్రదేశ చరిత్రలోను, మనము కాపురముండు ఈ కొంకణ చరిత్రలోను దానికి లోతైన వేళ్లు కలవు. వానిని వెలికిదీసి చూచుటయే యీ వ్యాసమునకుద్దేశము.

ఈ విషయమున నాకు ఆసక్తి పుట్టుటకు గుఱ్ఱము కారణము కాదు. కొన్నియేండ్ల క్రిందట మా తెలుగు మాధ్యమ పాఠశాల పిల్లలను కొందఱను, ఒక సంస్థవారు నడపిన కాలినడక యాత్రకు తోడ్కొనిపోయితిని. నడుమ నీరుండునని చెప్పిన చోట నీరు లేదు. మధ్యాహ్నమున ఒక బాలుడు సొమ్మసిల్లి పడిపోయెను. దైవవశమున వాడు తేరుకొనెను. అనంతరము నిర్వాహకులు “పిల్లవానిని చూచుకొనవలసినది ఉపాధ్యాయుడు” అనిరి. నేను “నీరుంచవలసినది మీరు” అంటిని. ఇరువురము నిజమే పలికితిమి. కాని ఆ బాలుని పెదవులెండుట నేనొక గంట ముందే చూచితిని. తక్కిన బడులవారు మమ్ము దాటిపోవుదురని ఆగనైతిని. ఆ సంగతి నేనాడు ఎవరితోను చెప్పలేదు. ఇరువురి బాధ్యత కలిసియున్న చోట ఎవరి భాగమెంత అను ప్రశ్న నన్ను అప్పటినుండి విడువలేదు. దానికి సమాధానము వెదకుచు చరిత్రలోనికి పోగా గుఱ్ఱములు ఎదురైనవి.

ఠాణా రేవు, మోటుపల్లి రేవు

మన నిజాంపురాకు ఇరుగుపొరుగున నున్న ఠాణా పట్టణము ఒకప్పుడు గొప్ప రేవు. క్రీ.శ. 13వ శతాబ్ది చివర ఈ దేశతీరమును దర్శించిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఠాణానుగూర్చి ఒక విచిత్రమైన సంగతి వ్రాసినాడు. ఆ రేవునుండి ఓడదొంగలు బయలుదేఱి వర్తకుల నావలను దోచుచుందురట. అది రాజునకు తెలియకుండ జరుగునది కాదు. దోపిడిలో దొరకిన గుఱ్ఱములన్నియు రాజునకు, తక్కిన సొత్తంతయు దొంగలకు అను ఒప్పందము వారి నడుమ కలదట. రాజునకు స్వంతముగా గుఱ్ఱములు లేకపోవుటయు, ఇండియాకు వచ్చు ప్రతి యోడలోను తక్కిన సరకుతోపాటు గుఱ్ఱములుండుటయు దీనికి కారణమని యాతడు చెప్పి, ఇది రాజునకు తగిన పని కాదని నిందించినాడు. ఉత్తర కొంకణము అప్పటికి శిలాహారుల చేతినుండి దేవగిరి యాదవుల యధీనమునకు వచ్చియుండెను. పోలో తానన్న రాజెవరో పేర్కొనలేదు.

ఆ పోలోయే తూర్పుతీరమున ‘ముత్ఫిలి’ అను రాజ్యమును వర్ణించినాడు. అది మన మోటుపల్లియే. నేడు బాపట్ల జిల్లాలో చినగంజామునకు చేరువ నున్న చిన్న గ్రామము. భర్తను గోల్పోయి నలువది సంవత్సరములు న్యాయముగా నేలిన రాణి యొకతె యచ్చట గలదని, ప్రజలు ఆమెను మిక్కిలి ప్రేమింతురని యాతడు వ్రాసెను. ఆమె రుద్రమదేవి యని చరిత్రకారుల నిర్ణయము. ఆమె తండ్రి గణపతిదేవ చక్రవర్తి శా.శ. 1166, అనగా క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి వీరభద్రాలయమున నొక స్తంభశాసనమును నాటించెను. దానిని చరిత్రకారులు అభయశాసనమని పిలుతురు.

ఆ శాసనాశయము గమనింపదగినది. ఒక దేశమునుండి మఱొక దేశమునకు పోవు ఓడలు గాలివానకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో, పూర్వపు రాజులు వానిలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలవంతముగా లాగుకొనుచుండిరని శాసనమే యొప్పుకొనుచున్నది. ప్రాణముకంటె ధనమునే ఎక్కువగా నెంచి సముద్రమునకు తెగించిన వర్తకులయెడ దయచేతను, కీర్తిని, ధర్మమును కోరియు, తాము నియమిత శుల్కమును తప్ప మఱేమియు గ్రహింపమని గణపతిదేవుడు మాటయిచ్చినాడు. ఆ శుల్కము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకటి. చందనము, కర్పూరము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు మున్నగు సరకులకు రేట్లు వేఱుగా చెక్కబడినవి.

ఈ రెండు రేవులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెలుగువారమైన మనకు గర్వము కలుగుట సహజము. కాని ఆ గర్వమునకు శాసనమే కళ్లెము వేయుచున్నది. పూర్వరాజులు చేసినట్లు చెప్పబడిన పని ఠాణా రాజు చేసినదానికంటె మిక్కిలి దూరమైనది కాదు. ఆపదలో చిక్కినవాని సొత్తు బలవంతునిదే యను న్యాయము ఆనాడు పెక్కు తీరములందు చెల్లుచుండెను. గణపతిదేవుని గొప్పతనము తెలుగువాడగుటలో లేదు. తన దారిని వచ్చువానికి నష్టము కలిగినపుడు ఆ నష్టమును తాను లాభముగా మార్చుకొననని ముందుగా రాతిమీద చెక్కించుటలో ఉన్నది. నిర్వాహక ధర్మమున మొదటి మెట్టు ఇదియే: షరతులు ముందే తెలుపవలెను, అవి అందఱకును కనబడునట్లుండవలెను, ఆపద వచ్చిన తరువాత వానిని మార్చరాదు. రెడ్డిరాజులలో అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చి శాసనము వేయించెను. ఇచ్చిన మాటను తరువాతివారు నిలిపి, అవసరమైనపుడు మరల చెప్పినగాని అది సంప్రదాయము కాజాలదు.

చచ్చిన గుఱ్ఱమునకు వెల

దక్షిణదేశమున మేలుజాతి గుఱ్ఱములు పుట్టుట అరుదు. అరేబియా, పారసీక దేశములనుండి ఓడలలో వానిని తేవలసియుండెను. గుఱ్ఱమునకు అది దీర్ఘమైన, దుస్సహమైన యాత్ర. ఆ యాత్రలో గుఱ్ఱము మరణించినచో నష్టమెవరు భరింపవలెను?

పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ దీనికొక సమాధానమును నమోదు చేసెను. కిష్ ద్వీపమునకు ప్రభువైన జమాలుద్దీను, తమిళతీరమందలి మాబరునకు సంవత్సరమునకు 1,400 గుఱ్ఱములను పంపునట్లు ఒప్పందము కలదు. గుఱ్ఱమొక్కటికి వెల 220 ఎఱ్ఱబంగారు దీనారములు. లెక్కించినచో ఏటికి 3,08,000 దీనారములగును. దారిలో గుఱ్ఱములు మరణించినను వాని వెల రాజభాండారమునుండి చెల్లింపవలెనని షరతు. విజయనగర సింహాసనమును 1485లో అధిష్ఠించిన సాళువ నరసింహరాయలనుగూర్చి పోర్చుగీసువాడైన నూనిజు ఇంతకంటెను వింతయైన మాట చెప్పుచున్నాడు. ఆ రాజు ఓర్ముజు, ఏడెనులనుండి వచ్చు గుఱ్ఱములను, బ్రదికియున్నను చచ్చినను, మూడింటికి వేయి పర్దావుల చొప్పున కొనెనట. సముద్రముమీద మరణించినవాని తోకలను మాత్రము తెచ్చి చూపిన చాలునట.

ఇది రాజుల యౌదార్యమని పొగడవచ్చును. వర్తకుల నాకర్షించు రాజనీతి యనియు చెప్పవచ్చును. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో యామునాచార్యుల నోట తన కుమారునకు చెప్పించిన రాజనీతిలో ఈ యంశము స్పష్టముగా నున్నది. దూరద్వీపములనుండి గుఱ్ఱములను, ఏనుగులను తెచ్చు వర్తకులకు ఊళ్లను, పట్టణమున మేలైన యిండ్లను, దర్శనమును, గౌరవమును, మంచివెలను ఇచ్చి తనవారిని చేసికొనవలెననియు, లేనిచో ఆ గుఱ్ఱములు శత్రువుల పాలగుననియు రాయల యుపదేశము. రేవులను బాగుచేయుట, తుఫానువలనను రోగమువలనను దిక్కుతోచక తన తీరమున దిగిన పరదేశీయులను వారి వారి జాతికి తగినట్లు ఆదరించుట కూడ ఆయన రాజధర్మములుగా చెప్పెను. మోటుపల్లి శాసనపు భావమే ఇచ్చట కావ్యరూపమును ధరించినది.

అయితే ఈ యేర్పాటులో ఒక లోపము గలదు. తోక తెచ్చిననే పూర్తివెల లభించునపుడు, ఓడలో ఆ గుఱ్ఱమునకు నీరు త్రాగించి, గాలి తగులునట్లు కట్టివేసి, ప్రాణముతో దించుటకు వర్తకునకు లాభరూపమైన ప్రేరణ యేది? నూనిజు దీనిని విమర్శగా చెప్పలేదు; ఈ యూహ నాది. కాని మాబరు వృత్తాంతము నాకు తోడు వచ్చుచున్నది. అచ్చటి రాజులు ఏటికి రెండువేలకు పైగా గుఱ్ఱములను కొనగా, సంవత్సరాంతమునకు నూఱుకూడ మిగులవని మార్కోపోలో వ్రాసెను. లాడము కొట్టువారు, అశ్వవైద్యమెఱిగినవారు ఆ దేశమున లేరనియు, అట్టివారిని అచ్చటికి పోకుండ వర్తకులే కాచుకొనుచుందురనియు ఆయన ఆరోపణ. గుఱ్ఱములకు వండిన ధాన్యమును, కాచిన పాలను పెట్టి, కదలనీయక కట్టివేసి, ఆ తరువాత సరియైన శిక్షణ లేకయే ఎక్కి విచ్చలవిడిగా తోలుదురని వస్సాఫ్ చెప్పెను. దప్పికగొన్న ప్రాణిని చంపినది పగ కాదు, తెలివితక్కువ ప్రేమ.

దీనివలన తేలునది యేమనగా, వెల చెల్లించుట ఒక బాధ్యత. ప్రాణమును కాపాడుట వేఱొక బాధ్యత. మొదటిది ఇద్దఱు మనుష్యుల నడుమ కాగితముతో ముగియును. రెండవదానికి తెలిసినవాడొకడు గుఱ్ఱము ప్రక్కన నిలువవలెను. ఆ తెలివి మనవారికి బొత్తిగా లేకపోలేదు. కాకతీయుల కాలమున అశ్వసేనకు సంబంధించిన ‘సాహిణి’ అను బిరుదము గౌరవనీయమైనది. కాయస్థ నాయకుడు గంగయసాహిణి గణపతిదేవుని పాలనలో ఉన్నతాధికారియై వెలసెను. అశ్వశాస్త్రముపై మనుమంచిభట్టు ‘హయలక్షణ విలాసము’ అను పద్యకృతిని తెలుగున రచించెను. అశ్వశాస్త్రమునకు ఆద్యుడుగా శాలిహోత్రుని పేరు ఉత్తరదక్షిణముల కీర్తింపబడినది. శాస్త్రముండుట వేఱు, శాస్త్రజ్ఞుడు దారిలో ఉండుట వేఱు.

ముద్ర వేసిన తోలు

ఓడ దిగిన గుఱ్ఱము రౌతు చేతికి వచ్చును. అక్కడినుండి వ్యవహారము రాజునకు, రౌతునకు నడుమ సాగును. నూనిజు విజయనగర సైన్యమునుగూర్చి చెప్పిన యొక యాచారము మన విషయమునకు మిక్కిలి దగ్గఱ. రాజు రౌతులకిచ్చు గుఱ్ఱములన్నింటికిని రాజముద్ర కాల్చి వేయుదురు. గుఱ్ఱము మరణించినచో ఆ ముద్ర గల తోలుముక్కను కోసి తెచ్చి అశ్వాధ్యక్షునకు చూపవలెను. అది చూచి యాతడు మఱొక గుఱ్ఱమునిచ్చును. ఇట్లిచ్చునవి చాలవఱకు దేశవాళీ గుఱ్ఱములు. వేయి పర్దావులకు పండ్రెండు మొదలు పదునైదు వఱకు కొనునవి. అనగా రౌతు ఎక్కు గుఱ్ఱము వెల 67 మొదలు 83 పర్దావుల లోపల. పై కథలోని ఓర్ముజు గుఱ్ఱము 333 పర్దావులు. ఈ రెండు వెలలును వేర్వేఱు రాజుల కాలమునకు చెందినవైనను భేదము స్పష్టమే.

ఢిల్లీలో అలావుద్దీను ఖల్జీ గుఱ్ఱములకు ముద్రలు వేయించినది ముఖ్యముగా మోసము నాపుటకు. ఒకే గుఱ్ఱమును రెండుసార్లు లెక్కకు చూపుటయు, మేలుగుఱ్ఱమునకు బదులు నాసిరకమును నిలుపుటయు రౌతులకు అలవాటు. విజయనగరపు తోలుముక్కయు అట్టి సాక్ష్యమే. నిర్వాహకుడు రౌతును నమ్మును, కాని సాక్ష్యమడుగును. రౌతు సాక్ష్యము చూపును, ప్రతిఫలముగా మఱొక గుఱ్ఱమును పొందును. ఇందు ఒక మర్యాద కలదు. గుఱ్ఱము చచ్చినదని రౌతును దండింపలేదు. అతని జీవనము చెడలేదు. అయినను ఆ తోలుముక్క గుఱ్ఱము చచ్చినదని మాత్రమే చెప్పగలదు. ఎట్లు చచ్చినది, ఎవరి తప్పువలన చచ్చినది, ఆపదగిన మరణమా కాదా అను సంగతి చెప్పజాలదు.

మహారాష్ట్ర సైన్యములలో ఈ సమస్యయే రెండు రూపములు దాల్చెను. తన గుఱ్ఱమును, తన యాయుధములను తానే తెచ్చుకొని కొలువు చేయువాడు శిలేదారు. సర్కారు పాగానుండి గుఱ్ఱమును పొందువాడు బారుగీరు. శిలేదారునకు గుఱ్ఱమే మూలధనము. అది పోయినచో బ్రదుకు పోవును. కావున యుద్ధమున గుఱ్ఱమును వెనుకకు దాచుకొనుటకు అతడు చూచునని చరిత్రకారులు వ్రాసిరి. బారుగీరు గుఱ్ఱము తనది కాదు గనుక నిర్భయముగా దూకును. ఆ కారణముననే దాని మేతనుగూర్చి యుపేక్షయు చేయవచ్చును. శివాజీ శిలేదారులను పాగా యధికారుల క్రింద నుంచెనని సభాసదు బఖరు తెలుపుచున్నది.

ఈ భేదమును భివండీలోని మన నేతపనివారికి విడమరచి చెప్పనక్కఱలేదు. కరీంనగరమునుండి, వరంగల్లునుండి, నల్లగొండనుండి వచ్చి యిచ్చట మరమగ్గములపై బ్రదుకు నేయుచున్న కుటుంబములు మనవి. మగ్గము తనదైనవాని భయమొకటి. పరుల మగ్గముపై కూలికి నేయువాని యలసట మఱొకటి. పడుగు తెగినపుడు నష్టమెవరి లెక్కలో వ్రాయబడునో దానినిబట్టియే చేయి మెలగును. బాధ్యతను పంచు తీరునుబట్టి మనుష్యుని నడవడి మాఱును. ఇది చరిత్ర నేర్పు పాఠము.

చిప్లూణు లేఖ

నేను చదివిన పత్రములలో నిర్వాహక బాధ్యతను అన్నింటికంటె సూటిగా చెప్పినది మన కొంకణమునకు సంబంధించినదే. 1657లో కల్యాణ్, భివండీలను గెలుచుకొని కొంకణమున కాలూనిన శివాజీ, 1670ల దశకమున చిప్లూణు ప్రాంతమున విడిసియున్న తన అశ్వదళాధికారులకు మరాఠీలో ఒక ఉత్తరము వ్రాయించెను. అందు విజయగర్వము లేదు. గడ్డి, దాణా, దీపములు మాత్రమే కలవు.

దాని సారాంశమిది. వానకాలమునకై కూడబెట్టిన దాణాను, గడ్డిని చేతికి వచ్చినట్లు ఖర్చుచేసినచో నడివానలో ఏమియు దొరకదు. గుఱ్ఱములు పస్తులుండి చచ్చుట మొదలగును. అప్పుడు వానిని మీరే చంపినట్లగును. మేత లేని సిపాయీలు రైతుల ఇండ్లపై పడి ధాన్యమును, కూరలను, గడ్డిని లాగుకొందురు. అప్పుడు రైతులకు మీరు మొగలులకంటె చెడ్డవారుగా తోతురు. రాత్రివేళ దీపములనుగూర్చి జాగ్రత్త వహింపుడు. ఎలుక మండుచున్న వత్తిని నోట కఱచుకొని పోయినచో గడ్డివాములు కాలిపోవును. గడ్డి లేనిచో గుఱ్ఱములు లేవు, గుఱ్ఱములు లేనిచో అశ్వదళమే లేదు.

ఈ లేఖలో మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది: గుఱ్ఱము ఆకలిచే చచ్చినచో “కాలము బాగులేదు” అను సాకును శివాజీ అంగీకరింపలేదు. ముందుచూపు లేకపోవుటయే హత్యయని నిర్ణయించెను. రెండవది: గుఱ్ఱపుదండు యాత్రలో దారిప్రక్కనున్న రైతుకూడ భాగస్థుడే యని గుర్తించెను. రౌతునకును నిర్వాహకునకును మాత్రమే ధర్మము కాదు. వారు ఎవరి పొలము ప్రక్కనుండి పోవుదురో వానియెడలను ధర్మము కలదు. మూడవది: ఎలుకవంటి అల్పవిషయమును రాజు స్వయముగా తలచెను. ఆపద తఱచుగా అట్టి చిన్న త్రోవనే వచ్చును. ఠాణా రేవునకు కలిగిన అపకీర్తిని నాలుగు వందల యేండ్లకు పిమ్మట ఈ కొంకణభూమియే యీ లేఖతో కడిగికొన్నదని నేను భావించుచున్నాను.

ఆధునిక కాలము

యుద్ధావసరము లేకయే, కేవలము పోటీకొఱకు గుఱ్ఱములను దూరపరుగు తోలుట 19వ శతాబ్దిలో యూరోపు సైనికాధికారులలో ప్రబలెను. 1892 అక్టోబరులో జర్మను అధికారులు బెర్లిను నుండి వియన్నాకును, ఆస్ట్రియా-హంగరీ అధికారులు వియన్నానుండి బెర్లినునకును స్వారీ చేసిరి. దూరము సుమారు 570 కిలోమీటర్లు. ఆస్ట్రియా పక్షమునకు చెందిన కౌంట్ స్టార్‌హెంబర్గు 71 గంటలకు కొంచెము పైగా పట్టి ప్రథముడయ్యెను. అతని గుఱ్ఱము ఆథోస్ ఆ శ్రమవలన మరణించెను. మఱి పెక్కు గుఱ్ఱములును చచ్చినవి. గుఱ్ఱము సుస్థితికి ప్రత్యేక బహుమాన ముండినను, గెలుపు గౌరవము గడియారమునకే దక్కెను. ఈ ప్రాణనష్టమును పత్రికలు తీవ్రముగా ఖండించెను.

అమెరికాలో 1955లో వెండెల్ రోబీ అనునతడు కాలిఫోర్నియా కొండలలో నూఱు మైళ్లను ఒక దినమున ముగించు స్వారీని ఆరంభించెను. అది నేడు టెవిస్ కప్ అను పేర ప్రసిద్ధము. 24 గంటలలోపల, గుఱ్ఱము ఇంకను నడువదగిన స్థితిలో నుండగా గమ్యమును చేరిన ప్రతివానికిని అచ్చట వెండి బకిలు లభించును. 1964నుండి, మొదట చేరిన పదింటిలో మిక్కిలి ఆరోగ్యముగా నున్న గుఱ్ఱమునకు హాగిన్ కప్ ఇచ్చుచున్నారు. 1972లో నెలకొన్న అమెరికా దూరస్వారీ సంఘమువారు, ముగించుటయే గెలుచుట యను భావమును తమ ఆదర్శవాక్యముగా గ్రహించిరి. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 1978లో దీనిని తన క్రీడలలో చేర్చుకొనెను.

ఈ పోటీల నియమములలో ముఖ్యమైనది పశువైద్యుని ద్వారము. దారిని కొన్ని భాగములుగా విభజించి, ప్రతిభాగము చివర గుఱ్ఱమును పరీక్షింతురు. నియమిత కాలములోపల గుండె కొట్టుకొనుట సాధారణముగా నిమిషమునకు 64కు దిగవలెను. కుంటుచున్నదా, చర్మమును పట్టి వదలినచో వెంటనే సర్దుకొనుచున్నదా, చిగుళ్ల రంగెట్లున్నది, ప్రేగుల చప్పుడు వినబడుచున్నదా అని చూతురు. తప్పినచో పోటీనుండి తొలగింతురు. అంతర్జాతీయ పద్ధతిలో గుఱ్ఱమును పరీక్షకు నిలుపు వఱకు స్వారీకాలము లెక్కలోనే సాగుచుండును. కావున ద్వారమునకు ముందే వేగము తగ్గించి, గుఱ్ఱమును చల్లబఱచి తెచ్చినవానికే లాభము. సాళువ నరసింహుని తోకకు లేని గుణము ఈ నియమమునకు కలదు. ఇచ్చట గుఱ్ఱము క్షేమమే రౌతు స్వార్థముతో ముడివడియున్నది.

అయినను నియమములు తమంతట తాము కాపాడవు. 2018 సెప్టెంబరులో అమెరికాలోని ట్రయాన్‌లో జరిగిన ప్రపంచ అశ్వక్రీడలలో కొందఱు రౌతులకు ఆరంభమున తప్పుదారి చూపబడెను. దానివలన పోటీని ఆపి, దూరమును 120 కిలోమీటర్లకు తగ్గించి, మరల మొదలుపెట్టిరి. పిమ్మట ఉక్క, వేడిమి పెరుగగా మధ్యనే రద్దుచేసిరి. ఏండ్ల తరబడి సిద్ధమైన రౌతులు ఆగ్రహించిరి. కాని ఆనాడు పెక్కు గుఱ్ఱములకు చికిత్స చేయవలసి వచ్చెను. ఒక గుఱ్ఱము ప్రాణము నిలువలేదు. దారి చూపుటలో నిర్వాహకులు తప్పిరి; ఆపుటలో తప్పలేదు. ఈ రెండింటిని వేఱువేఱుగా తూచుట న్యాయము. తప్పుచేసినవాని సరియైన నిర్ణయమును గూడ తప్పుగానే చూచుట మనుష్యస్వభావము. దానిని జయించుటయు రౌతు మర్యాదలో నొక భాగమే.

ఉభయుల ధర్మములు

పై చరిత్రనుండి నిర్వాహకుని ధర్మములను ఇట్లు సంగ్రహింపవచ్చును. మోటుపల్లివలె షరతులను ముందే బహిరంగముగా ప్రకటించి, వానిని మార్చకుండుట. చిప్లూణు లేఖవలె నీరు, మేత, నిప్పు మున్నగు అల్పవిషయములను ముందే తలచుట. మాబరువలె గాక, తెలిసిన వైద్యుని దారిలో నిలుపుట. ఆ వైద్యుని మాటకు తానును లోబడుట. దారిప్రక్క రైతునకు నష్టము కలుగకుండ చూచుట. ఆపవలసినపుడు నిందకు వెఱవక ఆపుట.

రౌతు ధర్మములును తక్కువవి కావు. విజయనగరపు రౌతు తోలుముక్కను దాచక చూపినట్లు, తన గుఱ్ఱము స్థితిని దాచక వైద్యునకు తెలుపుట. “నియమము అనుమతించుచున్నది గదా” అని గుఱ్ఱమును చివరి యంచువఱకు తోలకుండుట. ఏలన నియమము అందఱి గుఱ్ఱములకొఱకు వ్రాయబడినది, తన గుఱ్ఱమును ఎఱిగినవాడు తానొక్కడే. దారిలో సాటిరౌతు పడినచో పోటీని మఱచి దిగుట. గుర్తులు కట్టి, నీరు మోసి, ప్రతిఫలము కోరక నిలిచిన స్వచ్ఛందసేవకులకు కృతజ్ఞత తెలుపుట. దోషము కనబడినచో దానిని పదిమందిలో కేకవేయక ముందుగా నిర్వాహకునితోనే చెప్పుట.

ఇరువురి ధర్మములును పరస్పరము చెల్లివేయునవి కావు. నిర్వాహకుడు నీరుంచలేదని రౌతు గుఱ్ఱమును చూడనక్కఱలేదని కాదు. రౌతు చూడలేదని నిర్వాహకుడు నీరుంచనక్కఱలేదని కాదు. ఒక్కొక్కని బాధ్యత పూర్ణమైనది. సగము సగము పంచుకొనునది నష్టపువెల మాత్రమే. ఏలన ఒప్పందము ఇద్దఱిదైనను, దారిలో నడచునది మూడవ ప్రాణి. దానికి సంతకము లేదు, నోరు లేదు. అది తన యలసటను గుండెచప్పుడుతో, ఎండిన చిగుళ్లతో మాత్రమే చెప్పగలదు.

ఉపసంహారము

అభయశాసనపు స్తంభమును నిలిపినవాడు లేడు, ఆ రేవు లేదు. చిప్లూణు గడ్డివాములును లేవు. పిల్లలను, పెద్దలను, పశువులను వెంటబెట్టుకొని మనము చేయు యాత్రలు మాత్రము సాగుచునే యున్నవి. మన సంఘములు నడపు తీర్థయాత్రలకు, విహారములకు, క్రీడోత్సవములకు ఈ చరిత్ర కొంత యుపకరించునని నా విశ్వాసము.

ఆ బాలుడు సొమ్మసిల్లిన దినమున నిర్వాహకులను నిందించి నేను ఇల్లు చేరితిని. ఇప్పుడు ఆ నిందను నేను వెనుకకు తీసికొనుట లేదు; నీరుంచకపోవుట వారి తప్పే. కాని నా భాగమును దానిలో కలిపి దాచుకొనను. పెదవులెండినపుడే చూచినవాడను నేను. ఆ తరువాత పిల్లలతో బయలుదేఱిన ప్రతి యాత్రలోను గంటకొకసారి అందఱను నిలిపి ముఖములు చూచుచున్నాను. తక్కినవారు దాటిపోయినను పోనిత్తును.